ఐసు ఫ్యాక్టరీలో ముగ్గు

2022 వేసవి. శ్రీకాకుళం జిల్లాలో ఉప్పుటేరు ఒడ్డునున్న ఒక జాలరి ఊరు. ఏళ్ల తరబడి మూతపడి ఉన్న అక్కడి ఐసు ఫ్యాక్టరీని బాగుచేసి, ఊరికి పనికొచ్చేలా మార్చాలని ప్రభుత్వ ఆఫీసు వాళ్లు అనుకున్నారు. ప్లాను గీసే పని నాకు వచ్చింది. రాజాంలో అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా ఇళ్లకూ కొట్లకూ ప్లాన్లు గీస్తున్నదాన్ని. గోడ అంగుళం పక్కకి జరిగినా మేస్త్రీల మీద ఇంతెత్తున లేస్తానని నాకో పేరుంది. ఆ పేరంటే నాకు కాస్త మురిపెం కూడా.

మే నెలలో వెళ్లి కొలతలు తీశాను. పెచ్చులూడిన గోడలు, తుప్పు పట్టిన ఐసు డబ్బాలు, పైన గబ్బిలాలు. పిల్లర్లు మాత్రం గట్టిగా ఉన్నాయి, కూల్చాల్సిన పనిలేదు. వెనకవైపు, ఏటి గట్టును ఆనుకుని విశాలమైన సిమెంటు గచ్చు ఉంది. ఒకప్పుడు ఐసు దిమ్మలను లారీలకెక్కించిన చోటట. దాని మీద ఒక్క ఆకు కూడా లేదు. స్థలంలో ఏది ఎక్కడుందో చూపించే పటాన్ని మేం సైట్ ప్లాన్ అంటాం. అందులో ఆ గచ్చు మీద 'ఖాళీ స్థలం' అని రాసుకున్నాను. ఖాళీగా పడున్న చోటుని అంత శుభ్రంగా ఎవరు ఊడుస్తున్నారన్న అనుమానం నాకు రాలేదు.

ఇంటికొచ్చి పదిరోజులు కూర్చుని గీశాను. లోపల షాపులు, ఒక కాఫీ షాపు, ఏటివైపు కూర్చోవడానికి అరుగులు, వెనక గచ్చు మీద కార్ పార్కింగ్. ఆపైన త్రీడీ వ్యూ తయారుచేశాను. అంటే కట్టకముందే కట్టేసినట్టు చూపించే రంగుల బొమ్మ. కంప్యూటర్లో దొరికిన మనుషులను తెచ్చి అందులో నడిపించాను. నల్ల కళ్లద్దాలు, తోలు బ్యాగులు, చేతిలో కాఫీ కప్పులు. ఆ ఊళ్లో అలాంటి మనిషిని నేను ఒక్కర్నీ చూడలేదు గానీ బొమ్మకి అందం రావాలి కదా.

ఇలాంటి పనుల్లో పబ్లిక్ కన్సల్టేషన్ తప్పనిసరి. ఊరివాళ్లను పిలిచి, అభిప్రాయాలు విని, రాసుకోవాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో వేట ఆపించే రోజులవి. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి కాబట్టి ఊరంతా వచ్చింది. షీట్లు గోడకి తగిలించి అరగంటసేపు వివరించాను.

"ఎలా ఉంది?" అని అడిగాను.

"బాగున్నాదమ్మా" అన్నాడు ఊరిపెద్ద ఎర్రయ్య.

"సానా బాగున్నాది" అన్నారు వెనకవాళ్లు.

"మార్పులేమైనా చెప్పండి."

"మాకేటి తెలుస్తాదమ్మా! సదువుకున్నోలు మీరు. ముందు టీ తాగండి" అన్నాడు ఎర్రయ్య.

రిజిస్టర్లో 'అందరూ అంగీకరించారు' అని రాశాను. టీ తాగి, షీట్లు చుట్టుకుంటుంటే ఒక పెద్దావిడ దగ్గరికొచ్చింది. పేరు పోలమ్మ. అరవై దాటి ఉంటాయి. ఎండుచేపలు అమ్ముకుంటుంది.

"ఇందలో నా సేపలెక్కడున్నాయమ్మా?" అంది.

"ఏ చేపలు?"

"ఎండబెట్టినియ్యి. ఎనకాల గచ్చు మీద ఆరేస్తాం కదేటి."

"అది ఖాళీగా ఉంది కదమ్మా. నేను స్వయంగా చూశాను."

పోలమ్మ నన్ను జాలిగా చూసింది. "ఓలమ్మా, వేట లేనప్పుడు సేపలెక్కడినించి వొస్తాయి? పడవలెల్లినాక రా. కాలెట్టడానికి సోటుండదు."

ఆ ఊళ్లో మరో గచ్చు లేదు. ఇసకలో ఆరేస్తే చేపకి ఇసక పట్టి కొనేవాడుండడు. పోలమ్మా, ఆమెతోపాటు ఇరవై మంది ఆడవాళ్లూ ఆ గచ్చు మీదే బతుకుతున్నారు. వాళ్లకి దానిమీద కాగితం లేదు, పట్టా లేదు. నేను నిక్షేపంగా అక్కడ కార్లు నిలబెట్టేశాను.

"మరి ఇందాక అడిగితే చెప్పలేదేం?" అన్నాను. కోపం నా మీద, విసురు ఆమె మీద.

"నువ్వు రంగులేసిన బొమ్మ సూపించి బాగున్నాదా అనడిగినావు. బొమ్మ బాగున్నాది. బాగున్నాదన్నాం. మీ గచ్చు తీసీమంటారా అనడిగినావేటి?"

రిజిస్టర్ తెరిచి, రాసిన వాక్యాన్ని అక్కడే కొట్టేశాను.

తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. నేను అరగంట చెప్పిందాంట్లో ఎవరికీ ఒక్క గీత కూడా అర్థం కాలేదు. దూరం నుంచి వచ్చిన మనిషిని చిన్నబుచ్చకూడదని మర్యాదకి తలూపారు. మా పనిలో పునాది తవ్వేముందు మార్కింగ్ చేస్తారు. తాళ్లు కట్టి, ఇల్లు ఎంతుంటుందో అంతా నేల మీద తెల్ల పొడితో గీస్తారు. ముగ్గు పోయడం అంటారు మేస్త్రీలు. అదే ఇక్కడ ముందే చేస్తే?

వారం తర్వాత నాలుగు బస్తాల ముగ్గుతో, మా సూర్నారాయణ మేస్త్రితో మళ్లీ దిగాను. షాపులు, కాఫీ షాపు, పార్కింగ్, అన్నీ ఉన్నంత కొలతలో ఆ నేలమీదే పోయించాను. ఊరిని పిలిచి, "ఇది గోడ, ఇది తలుపు. నడిచి చూడండి" అన్నాను.

ముందుగా ఎర్రయ్య బయల్దేరాడు. నాలుగడుగులు వేశాడో లేదో, "ఒరే మావా, గోడలోంచి దూరిపోతన్నావు!" అని ఎవరో అరిచారు. అందరూ ఒకటే నవ్వు. ఎర్రయ్య వెనక్కొచ్చి, లేని తలుపులోంచి లేని గుమ్మానికి తల వంచి మరీ లోపలికెళ్లాడు. ఇక ఆ ఊరికి నోరు పెగిలింది.

"ఈ గదేటి?" "కాఫీ షాపు." "కాఫీ ఇంటికాడ తాగుతాం గానీ, ఓన కురిస్తే వల ఏడ పరుసుకుంటాం?" అంటూ ఇద్దరు జాలర్లు వల తెచ్చి పరిచేశారు. అది మూడు షాపుల గోడలు దాటింది. కుర్రాళ్లు జిమ్ కావాలన్నారు. ఒకాయన రిసార్టు వాళ్లకి ఇచ్చేస్తే ఉద్యోగాలొస్తాయన్నాడు. "ఏటుద్యోగం, గేటుకాడ సలాం కొట్టీదా?" అని ఆయన భార్యే అంది. పెళ్లిళ్లకి హాలన్నారు, పనికిరాని కొంప కూల్చేయమన్నారు. వాదించుకుంటూ నా గీతలను కాళ్లతో చెరిపేసి, చేతులతో కొత్తవి పోస్తున్నారు. అలవాటు కొద్దీ నేను "ఆ గోడ జరపకండి!" అని కేకలేశాను. ఎవరూ వినిపించుకోలేదు. సూర్నారాయణ నా మొహం చూసి కిసుక్కున నవ్వాడు. ఏం చేస్తాను, నాకూ నవ్వొచ్చింది.

పోలమ్మ ఎవరితోనూ వాదించలేదు. ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని ఏటి గట్టు నుంచి గచ్చుకి నడిచింది. నడుస్తూ గుప్పిట్లోంచి పక్కన ముగ్గు జారవిడిచింది. బురద తప్పించుకుంటూ వచ్చిన ఆ గీత వంకర తిరిగి, తిన్నగా నా కార్ పార్కింగ్ మధ్యకి చేరింది. అక్కడ తట్ట దించి కూర్చుంది. మిగతా ఆడవాళ్లు వచ్చి చుట్టూ కూర్చున్నారు.

"మరి కార్లు?" అన్నాను.

"రోడ్డుకాడ పెట్టమను. కార్లో వొచ్చినోడికి కాల్లుంటాయి కదా, నాలుగడుగులు నడిస్తే ఏటయిపోతాది?"

ఎర్రయ్య ఊరి వంక ఒకసారి చూసి, "పోలమ్మప్ప సెప్పిందే రాయమ్మా" అన్నాడు. ఆ రోజంతా టేపు పట్టుకుని వాళ్ల గీతలు కొలుచుకున్నాను. ప్లాను చూసి ముగ్గు పోయించడమే నాకు తెలుసు. ముగ్గు చూసి ప్లాను గీయడం అదే మొదటిసారి.

ఆఫీసులో ఇంజినీరుగారు షీటు చూసి మొహం చిట్లించారు. "ఈ వంకర దారేంటి? తిన్నగా గీయండి. ఈ ఎండుచేపలేంటి, వాసనకి ఎవరొస్తారు?"

"వేట మొదలైంది సార్. ఒక్కసారి వచ్చి చూడండి, తర్వాత మీ ఇష్టం" అన్నాను.

వచ్చారు. గచ్చు అంతా ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఆరేసిన నెత్తళ్లు, వేలెడేసి చేపలు, మెరుస్తున్నాయి. ఆడవాళ్లు వంగి తిరగేస్తున్నారు. ఆయన కాలు పెట్టే చోటు లేక అంచునే నిలబడిపోయారు. పార్కింగ్ రోడ్డు పక్కకి మారింది. వెళ్లేటప్పుడు ఆయన చేతిలో ఎండు నెత్తళ్ల పొట్లం ఉంది.

ఇప్పుడా ఐసు ఫ్యాక్టరీలో వలలు బాగుచేసుకునే పొడుగాటి హాలుంది, చేపల మార్కెట్టుంది, ఒక మూల కుర్రాళ్ల జిమ్ముంది. గచ్చుకి కొత్త కుళాయి వచ్చింది. నేను మాత్రం ఎవరింటి ప్లానైనా ముందు నేలమీద ముగ్గు పోయించి, వంటచేసే మనిషిని అందులో నడవమంటున్నాను. నడిచాక ప్లాను మారని ఇల్లు ఇంతవరకూ ఒక్కటీ తగల్లేదు.

ఆమధ్య అటు వెళితే విజయనగరం నుంచి ఎవరో చూడటానికొచ్చారు. పోలమ్మ వాళ్లకి దగ్గరుండి అంతా చూపిస్తోంది. నన్ను చూడగానే చెయ్యి పట్టి లాక్కెళ్లి వాళ్ల ముందు నిలబెట్టింది.

"ఈ ఇంజినీరమ్మ మంచిదే" అంది. "సెప్తే ఇంటాది."

ఇన్నేళ్ల వృత్తిలో నాకు దొరికిన సర్టిఫికెట్ అదొక్కటే. నాకు పట్టరాని సంతోషం వేసింది.