చెంగమ్మత్త చూసిన సినిమా

మొన్న మనవరాలి పెళ్ళిచీర కోసం తనూ నేనూ కలిసి పాత పేటలోకి వెళ్ళాం. సందు మలుపులో ఒక ఇంటి తలుపు తెరిచి ఉంది. లోపల ఎవరో పట్టు తడిపినట్టున్నారు. తడిసిన పచ్చిపట్టు వాసన ఎరగనివాళ్ళకు చెప్పడం కష్టం, పులిసిన గంజికీ చేపలు కడిగిన నీళ్ళకూ మధ్య ఎక్కడో ఉంటుంది. మా పిల్ల ముక్కు మూసుకుంది. నేను గోడకు చెయ్యి ఆనించి అక్కడే నిలబడిపోయాను. ఏమైంది అవ్వా అని అడిగితే చెంగమ్మత్త గుర్తొచ్చింది అన్నాను. ఎవరావిడ అంది. నడుస్తూ చెప్పేసే సంగతి కాదు గనక, ఇంటికి వచ్చి రాస్తున్నాను.

చెంగమ్మత్త మాకు చుట్టం కాదు. మూడిళ్ళ అవతల ఉండేది. పుట్టింది వర్తూరులో, మెట్టింది మా పేటలో. భర్త మగ్గం నేసేవాడు, యుద్ధం జరుగుతుండగానే పోయాడు. ఆ తర్వాత ఆమె తన వసారాలో పదిహేను రాట్నాలు వేయించి, వీధిలోని ఆడవాళ్ళను కూర్చోబెట్టి మగ్గాలకు తడిపిన పట్టుతో కండెలు చుట్టించేది. కండె అంటే నాడెలో పెట్టే దారపు చుట్ట. నాడె పడుగులో అటూ ఇటూ పరుగెడుతుంటే అందులోంచి దారం జారి బట్ట అవుతుంది. ఈ పని ఆ వీధిలో ముసలివాళ్ళ నుంచి పసివాళ్ళ దాకా అందరికీ కంఠతా వచ్చు. చదువు మాత్రం రాదు. చెంగమ్మత్తకయితే ఒక్క అక్షరం రాదు. అయినా మద్రాసు నుంచి రైల్లో ఒకరోజు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపరు తెప్పించేది. చదివేవాళ్ళు లేకుండా పేపరెందుకని ఎవరో నవ్వితే, "నాకు చెవులు ఉండాయి కదప్పా" అందట.

చదివే నోటి కోసం వెతికి నన్ను పట్టుకుంది. బడిలో కన్నడం, ఇంట్లో తాతయ్య నేర్పిన తెలుగు, రెండూ గడగడా చదివేదాన్ని. నాకప్పుడు పదమూడేళ్ళు. బడి నుంచి రాగానే వసారా మెట్టు మీద కూర్చుని పేపరు విప్పేదాన్ని. రాట్నాలు తిరుగుతూనే ఉండేవి, ఆ రొదకు పైన వినిపించేలా చదవాలి. మొదటి రోజే ఆమె ఒక కట్టడి పెట్టింది. పేపరు చేతిలో ఉన్నంతసేపూ పేపరు మాటే చెప్పాలి, సొంత మాట చెప్పాలనుంటే పేపరు మడిచి కింద పెట్టి చెప్పాలి. "ఎవరి మాట ఎవరిదో వినేవాళ్ళకి తెలియల్ల" అంది.

నాకు సొంత మాటలకు కొదవా! రేషను బియ్యంలో రాళ్ళ దగ్గరనుంచి రేపో మాపో వస్తుందంటున్న స్వరాజ్యం దాకా, సబ్బు ప్రకటనల్లో నవ్వే తారల దాకా, అన్నిటి మీదా నాకు ఖచ్చితమైన అభిప్రాయాలు ఉండేవి. పేపరు కింద పెట్టి మొదలుపెట్టేదాన్ని. అంతే, వసారా అంతా సంత అయిపోయేది. ఒకామె చిక్కుడుకాయల సంగతి ఎత్తేది, ఇంకొకామె కోడలి సంగతి. లక్ష్మక్క అయితే "సుమ్మనే ఉండు అమ్మీ, నీకేమి తెలుసు" అని నవ్వేసేది. చెంగమ్మత్త ఒక్కతే నావైపు చూస్తూ వినేది. అది నాకు చాలేది కాదు. పేపరు చేతిలో ఉంటే పదిహేను మంది వింటారు, లేకపోతే ఒక్కరు. ఈ అన్యాయం నన్ను దహించేసేది.

ఇంట్లో పరిస్థితి ఇంకోలా ఉంది. కిరాణా అంగడి నడిపే మా నాయనకు నా నోరంటే భయం. బడిలో అయ్యవారితో వాదించానని ఒకసారి, పక్కవీధి పెద్దాయనను అందరిముందూ తప్పు పట్టానని ఒకసారి, రెండు ఫిర్యాదులు అంగడి దాకా వచ్చాయి. ఇంకొక్క మనిషి నీ నోటి గురించి నా అంగడి మెట్టెక్కితే బడి బందు అని తేల్చి చెప్పేశాడు. హైస్కూల్లో చేరడానికి ఇంకా రెండు నెలలుంది. చదువుకోవాలని నాకు ఎంత ఆశో మాటల్లో చెప్పలేను. అయినా బుద్ధి ఉండాలిగా!

ఆ రోజుల్లోనే మా పేట చివరి మైదానంలో నంజుండప్ప అనే ఆయన సినిమా టెంటు వేశాడు. జట్కాబండికి బొమ్మలు కట్టి, తప్పెట వాయిస్తూ కరపత్రాలు పంచారు. ఆడబోయే సినిమాలో నేతగాడి వేషం కట్టిన నటుడంటే వీధి వీధంతా ప్రాణం. పేరు ఇప్పుడెందుకు, ఆ ముఖం లేని క్యాలెండరు ఉండేది కాదు. ఆ సినిమా నేను అంతకుముందే మా మేనమామతో మెజెస్టిక్ వైపు పెద్ద హాల్లో చూసి వచ్చాను, చూసి మండిపడ్డాను కూడా. శుక్రవారం పేపర్లో దాని గురించి పెద్ద పొగడ్త వచ్చింది. చదవబోతే నాకు ఒళ్ళు మండింది. పేపరు కింద పెట్టి నా మాట చెబితే ఎవరు వింటారు? పేపరు పట్టుకునే, కళ్ళు అక్షరాల మీద పరుగెత్తిస్తూ, "ఈ చిత్రము బొత్తిగా చూడదగినది కాదు, స్త్రీలు పోకుండుట మేలు" అని గ్రాంథికంలో చదివేశాను. పదిహేను రాట్నాలూ ఆగిపోయాయి. ఆహా, ఆ నిశ్శబ్దం! నా జన్మలో అంతగా ఎప్పుడూ గర్వపడలేదు.

పేపర్లో వచ్చిందంటే వచ్చిందే. ఆ మాట వీధి దాటి నాలుగు వీధులకు పాకింది. సినిమాకని కట్టుకున్న బండ్లు విప్పేశారు. టెంటులో ఆడవాళ్ళ వైపు ఇసుక ఖాళీగా పడి ఉందట. నాలుగో రోజు నేను చదువుతుండగా నంజుండప్పే వసారాలోకి వచ్చాడు, చేతిలో ఆ శుక్రవారం పేపరు. కన్నడం చదివినవాడికి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడం ఎంతసేపు? పొగడ్తంతా ఒక్కొక్క మాటే చదివి వినిపించి, ఈ పిల్ల అబద్ధం చదివింది, ఇప్పుడే వాళ్ళ నాయన అంగడికి పోతాను అన్నాడు. హైస్కూలు ఆ క్షణంలోనే పోయిందనుకున్నాను.

అబద్ధం చదివావా అని చెంగమ్మత్త అడిగింది. చదివాను అన్నాను. ఆమె గొంతు పెంచలేదు. అందరి ముందూ తప్పని ఒప్పుకోమంది, ఒప్పుకున్నాను. ఇక పొమ్మంటుందనుకున్నాను.

"ఇప్పుడు ఆ పేపరు కింద పెట్టు. ఆ సినిమాలో నీకేమి నచ్చలేదో నీదిగా చెప్పు. నంజుండప్పా, నువ్వూ కూర్చో. వినేసి పో" అంది.

చెప్పాను. మొదట తడబడ్డాను, తర్వాత కోపం దాన్ని సరిచేసింది. ఆ నటుడి పాట గొప్పదే, కాదనను. కానీ మగ్గం ముందు కూర్చుని పాడుతూ విసిరిన నాడెలో కండె లేదు. ఉత్త నాడె. అది ఇటునుంచి అటు పోతోంది, దారం లేదు, బట్ట పెరగలేదు, పాట అయ్యేసరికి మాత్రం జరీ చీర తయారు. మన పని తెలియనివాడు మనలాగా వేషం వేసుకుని ఏడిస్తే మనమెందుకు ఏడవాలి? ఈసారి ఎవరూ చిక్కుడుకాయల సంగతి ఎత్తలేదు. లక్ష్మక్క చేతిలో దారం అలాగే పట్టుకుని, "కండె లేకుండానా?" అంది, కండె లేని నాడె అంటే మొగుడి కోపం కంటే పెద్ద ఘోరమన్నట్టు.

అంగడికి నంజుండప్ప పోలేదు, చెంగమ్మత్తే నన్ను వెంటబెట్టుకుని పోయింది. జరిగిందంతా నా నోటితోనే నాయనకు చెప్పించింది. ఆయన తూకం రాయి కింద పెట్టి, రేపటినుంచి పుస్తకాలు అటక మీద అన్నాడు. "శనివారం మొదటి ఆటకు రా అప్పా. అబద్ధం చదివింది, దానికి నువ్వేమి చేసినా నేను అడ్డం రాను. కానీ సినిమా గురించి చెప్పింది నిజమో కాదో నీ కండ్లతో చూసి, ఆ పైన అటక సంగతి చెప్పు" అంది చెంగమ్మత్త.

శనివారం సాయంత్రం టెంటు కిక్కిరిసిపోయింది. ఖాళీ నాడె చూడాలని వీధులన్నీ కదిలి వచ్చాయి. ఆడవాళ్ళ వైపు ఇసుకలో నేను మోకాళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. తాడుకు అవతల మగవాళ్ళలో నాయన. పాట మొదలైంది. నటుడు కన్నీళ్ళు పెట్టుకుని నాడె విసిరాడు. ముందు లక్ష్మక్క నవ్వింది, తర్వాత ఆడవాళ్ళ వైపంతా, తర్వాత మగ్గం పనివాళ్ళంతా. నవ్వు టెంటు గుడ్డను ఎగరేస్తుందేమో అనిపించింది. పాట ముగియగానే వన్స్ మోర్ అని కేకలు. పాట కోసం కాదు, నాడె కోసం. నంజుండప్ప రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వేయక తప్పలేదు. తాడు మీదుగా చూస్తే, మా నాయన పైపంచె నోటికి అడ్డం పెట్టుకుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నేను గెలిచాను.

వారం పాటు టెంటు నిండింది. నంజుండప్ప మా అంగడి మెట్టెక్కాడు, ఫిర్యాదుతో కాదు. తర్వాతి సినిమా మొదటి ఆట మీ అమ్మాయి చూసి, బాగుందో లేదో తన మాటగా చెబితే చాలన్నాడు. నాయన గంభీరంగా, అబద్ధం చదివినందుకు నెలరోజులు అంగడిలో పప్పు ఏరాలని నాకు శిక్ష వేసి, హైస్కూలు దరఖాస్తు మీద సంతకం పెట్టాడు.

ఆ మరునాడు నేను వసారాలోకి రాణిలా వచ్చాను. చెంగమ్మత్త అందర్నీ ఊరుకోమంది. ఈపూట తను చెబుతానంది. 

"నాడె ఖాళీదే అమ్మీ, నువ్వు చెప్పింది నిజం. అందరూ నగితిరి. నేను ఏడిస్తిని. యుద్ధంలో పట్టంతా పారాషూట్లకని సర్కారోళ్ళు ఎత్తుకుపోయిరి. మా మగ్గం మీద పడుగు ఉండాది, పేకకి దారం లేదు. మగ్గం సద్దు నిలిచిపోతే మా పొయ్యి రాజలేదని వీధికంతా తెలుస్తుందని, మా ఆయన దినామూ కూర్చుని ఖాళీ నాడె ఇసిరేవాడు. నెల దినాలు ఇసిరినాడు. ఆ సద్దు విని మీరంతా మాకు బాగుండాదనుకుంటిరి."

లక్ష్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తప్పు చెప్పానని, క్షమించమని అనబోయాను. ఆమె ఒప్పుకోలేదు. ఆ నటుడు ఈ సంగతి తెలిసి చేయలేదు, నీ మాట నీ మాటే, వెనక్కి తీసుకోవద్దు అంది. తర్వాత, ఇవేవీ పేపర్లో ఎందుకు రాయలేదని అడిగింది. వాళ్ళకు తెలియదు కదత్తా అన్నాను.

"అయితే నువ్వు రాయి. నీదీ రాయి, నాదీ రాయి. నాది నీదానిలో కలిపెయ్యొద్దు" అంది.

రెండు కాగితాలు రాసి పంపాను. ఆ తర్వాత జీవితమంతా పత్రికల్లో రాస్తూనే బతికాను, రాజకీయాల మీద, తారల మీద, జనం వెర్రిగా మెచ్చిన వాటి మీదా. తిట్లు తిన్నాను, దండలు వేయించుకున్నాను. ఏది రాసినా, నాతో ఒప్పుకోని మనిషి మాట ఒకటి అందులో చెక్కు చెదరకుండా పెట్టకపోతే నాకు రాసినట్టుండదు. ఈ అలవాటు నాకు ఏ కాలేజీలోనూ అబ్బలేదు.

మూడు వారాలకు మా ఉత్తరం అచ్చయింది. ఇద్దరి పేర్లూ పక్కపక్కనే. బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి వసారాలో విప్పాను. చెంగమ్మత్త లేచి వచ్చి, తన పేరు యాడ ఉండాదో చూపించమంది. పట్టు దారానికి కోసుకుపోయి గట్టిపడ్డ ఆమె వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టాను. ఆమె వేలు తీయలేదు. పదిహేను మందీ చుట్టూ మూగారు. నేను ఏడుస్తున్నాను, లక్ష్మక్క ఏడుస్తోంది. చెంగమ్మత్త మాత్రం ఏడవలేదు.

"ఇంక చదువు" అంది, వేలు అక్కడే ఉంచి. "నేను చెప్పింది చెప్పినట్ల రాసినావో లేదో చూడల్ల."