పిన్నమ్మ కట్టిన అన్నం డబ్బా

నా చిన్నప్పుడు, ఆరో తరగతి చదివిన ఏడాది, మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయాలంటే నాకు భయంగా ఉండేది. అందులో ఏముందో అని కాదు, ఏం కలిపారో అని.

మాది దొరవారిసత్రం దగ్గర పల్లె. అమ్మా నాన్నా పొద్దున్నే పొలం పనికి వెళ్ళిపోయేవాళ్ళు. నాకు డబ్బా కట్టే పని నాయనమ్మది. ఆమెకు చూపు మందగించాక ఆ పని మా చిన్నాయన కొత్తగా పెళ్ళి చేసుకుని తెచ్చుకున్న పిన్నమ్మ మీద పడింది. పిన్నమ్మ పుట్టింది తమిళనాడు సరిహద్దుకు అవతలి ఊళ్ళో. తెలుగు ఇంట్లోదే అయినా మాటలో అరవ యాస ఉండేది. అసలు మాటే తక్కువ. మా ఇంట్లో అందరం గలగలమంటూ తిరిగేవాళ్ళం కాబట్టి, ఆ మౌనం వెనక ఏదో ఉందని మాకు తోచేది.

ఆ ఏడు తుఫానుకు పైరంతా నేలపాలైంది. ఇంట్లోకి కూరగాయలు రావడం మానేశాయి. పిన్నమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని రోట్లో ఏదో దంచేది. మరునాడు నా డబ్బాలో అన్నం ముదురాకుపచ్చ రంగులో ఉండేది. అదేమిటని అడిగితే, “పొడి. తిను, బలం,” అని ఊరుకునేది.

నాయనమ్మ నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పింది. “మీ చిన్నాయన, పెళ్ళాం గీసిన గీత దాటడం లే. అన్నంలో మందు పెట్టి మనుషుల్ని వశం చేసుకునేవాళ్ళు ఉంటారు పాపా. నువ్వు చూసుకుని తిను.”

చూసుకుని తినడం ఎట్లాగో నాకు తెలియలేదు. అందుకని తినడమే మానేశాను. బడి వెనక కాలవ గట్టుకు పోయి, తుమ్మచెట్ల చాటున అన్నం పారబోసి, డబ్బా కడుక్కుని, కడుపు నిండా నీళ్ళు తాగి వచ్చేదాన్ని. రాత్రి అందరికీ ఒకే కుండలో కాచిన గంజి మాత్రం తాగేదాన్ని. ఆ అన్నం కాకులు తినేవి. మరునాడు కాకులేమైనా చచ్చి పడి ఉన్నాయేమోనని గట్టంతా వెతికేదాన్ని. ఒక్కటీ చావలేదు. అయినా నా అనుమానం తీరలేదు. ఆ మందు మనుషుల మీదే పనిచేస్తుంది కాబోలు అనుకున్నాను.

పదిరోజులు గడిచాయో లేదో, ఒక పొద్దున బడిలో ప్రార్థన జరుగుతుండగా కళ్ళు తిరిగి పడిపోయాను. మా అయ్యవారు సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఇంటికి చేర్చారు. కబురందుకుని అమ్మా నాన్నా బురద కాళ్ళతోనే పొలం నుంచి పరిగెత్తుకొచ్చారు. నాయనమ్మ గుండెలు బాదుకుంటూ, తాను ముందే చెప్పినానని, ఈ మనిషిని పుట్టింటికి పంపేదాకా ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టనని కూర్చుంది. చిన్నాయన గోడకు ఆనుకుని తల వంచుకున్నాడు. పెళ్ళాం తరఫున ఒక్క మాట మాట్లాడితే మందు ప్రభావమే అంటారని ఆయన భయం.

అమ్మ నా పక్కన కూర్చుని అడిగింది. “నిజం చెప్పు పాపా. పిన్నమ్మ పెట్టింది తిన్నాకేనా నీకిట్టా అవతా ఉండేది?”

నేను తిననే లేదు. ఆ మాట చెబితే అన్నం పారబోసినందుకు దెబ్బలు పడతాయి. కరువు ఏడు అన్నం పారబోయడమంటే మా ఇంట్లో చిన్న తప్పు కాదు. నేను అవునన్నట్టు తల ఊపాను. పిన్నమ్మ నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

“పంపించాలంటే పంపించండత్తా. నాలుగు రోజులు ఆగండి, చాలు. డబ్బా నేనే బడికి తీసకపోతా. ముందు నేను తింటా, ఆ మీదట పాప తింటాది,” అంది. నాన్న సరేనన్నాడు, ఆ నాలుగు రోజుల గడువు మీద నాయనమ్మా పట్టు సడలించింది.

మరునాడు మధ్యాహ్నం మైలు దూరం ఎండలో నడిచి వచ్చింది. బడి అరుగు మీద కూర్చుని, మూత తీసి, నేను చూస్తుండగా నాలుగు ముద్దలు తినింది. నిజంగా మింగిందా, బుగ్గన పెట్టుకుందా అని నేను ఆమె గొంతు వైపే చూశాను. రెండో రోజు ఆమె తినే వైపు మందు లేదేమోనని డబ్బా తిప్పి పెట్టాను. ఆమె ఆ వైపు నుంచే తినింది. ఆ రెండు రోజులూ నేను డబ్బాలో మెతుకు ముట్టలేదు. ఆమె బలవంతం చేయలేదు.

మూడో రోజు తిన్నాక చెయ్యి కడుక్కుంటూ, నా ముఖం చూడకుండా అంది. “కాలవ గట్టు మీద నువ్వు పారబోసింది నేను చూసినా. గడ్డి కోయను వచ్చినప్పుడు.”

మరి ఆ రోజు అమ్మతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్పుంటే దెబ్బలకి భయపడి తినేదానివి. నమ్మి తినేదానివి కాదు.” డబ్బా నా వైపు జరిపి మళ్ళీ అంది. “మునగాకు, ఎండు రొయ్యలు, చెనిక్కాయలు. అంతే. గాలికి పొడి లేచిపోతాదని తలుపేస్తా.”

నేను డబ్బా ఒళ్ళోకి తీసుకుని అడుగు కనబడేదాకా తిన్నాను. కొంచెం చేదు, ఆ తరువాత రొయ్యల కమ్మదనం. ఏడుపొచ్చి మధ్యలో రెండుసార్లు ఆగి కళ్ళు తుడుచుకున్నాను.

సాయంత్రం ఇంటికి పోయి అందరి ముందూ నిజం చెప్పాను. అమ్మ రెండు దెబ్బలు వేసింది. మూడోది పడకుండా పిన్నమ్మ అడ్డం వచ్చింది. రెండు రోజుల తరువాత నాయనమ్మ అన్నం ముందు కూర్చుని, “ఆ పొడి నాక్కూడా కాస్త ఎయ్యి,” అని మాత్రం అంది.

నాకిప్పుడు అరవై దాటాయి. పిన్నమ్మ పోయి చాలా కాలమైంది. తల ఊపిన ఆ క్షణాన్ని ఆమె ఎన్నడూ నాకు గుర్తు చేయలేదు. నేనే మరిచిపోలేకపోయాను. ఇప్పటికీ ఎవరైనా ఒక మనిషి గురించి చెడుగా చెబుతూ నా వైపు చూసి, అంతేగదా అంటే, నాకు తెలిసిన నిజమేమిటో ముందు నన్ను నేను అడుగుతాను. తెలియకపోతే తెలియదంటాను. తెలిస్తే, నాకు పడే దెబ్బలు పడనీ అని చెప్పేస్తాను.