ఓవర్‌బ్రిడ్జి ఎక్కించిన చెయ్యి

మా స్టీలు ప్లాంటుకు సున్నపురాయి పంపే నందిని గనుల దగ్గర బడికి నడిచి వెళ్ళే ఆడపిల్లలకు సైకిళ్ళు కొందామంటే, నేను తొక్కే ప్రతి కిలోమీటరుకూ చందా ఇస్తామన్నారు కదా మీరు! ఈ ఉదయం నాన్న పాత సైకిలు మీద బయల్దేరాను. ఓవర్‌బ్రిడ్జి సగంలోనే కాళ్ళు మొరాయించాయి. అంతలో వీపు మీద ఒక చెయ్యి పడింది. చూస్తే, ప్లాంటులో రిటైరైన మా వీధి అప్పన్న బాబాయ్. ఆయనదీ గేర్లు లేని సైకిలే, పైగా వెనక పిండి డబ్బా.

"తొక్కరా, ఆపీకు. ఫస్ట్ షిఫ్టుకి లేటయిపోయినోళ్ళని మేం ఇలాగే తోసీవోళ్ళం."

"నీకు బరువైపోతాను, బాబాయ్!"

"మీ నాన్ననే తోసినాను, నువ్వేటి బరువు?"

పైదాకా తోసి, గంట కొట్టుకుంటూ ముందుకెళ్ళిపోయాడు. ఆ ఎక్కుడు ఎవరి లెక్కలో వెయ్యాలో చందాదారులు మీరే తేల్చండి. దిగేటప్పుడు మాత్రం నేను ఎవరి సాయమూ తీసుకోలేదని మనవి.