డ్రైవర్ సీటు కింద పొయ్యి

నాకు ఒకచోట కూర్చునే గుణం లేదు. కుట్టుమిషను ముందు మాత్రం కూర్చోగలను, అక్కడ కాళ్లు ఆడుతూనే ఉంటాయి కాబట్టి. ఆ చలికాలం మిషను మీద కూడా నిలవలేకపోయాను. నాలుగు కుట్లు వేయడం, లేచి వాకిట్లోకి పోవడం, ఆదిలాబాద్ రోడ్డు వైపు చూడడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. ఒకసారి ఎవరిదో జాకెట్టుకు రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసి తిట్లు కూడా తిన్నాను. మా ఆయన జీపు రావాలని కాదు నా ఆరాటం. వచ్చాక ఆయన దిగడం చూడాలని.

తొంభైల మొదట్లో మాట ఇది. మేమిద్దరం, మా బిడ్డ ఉట్నూరులో ఉండేవాళ్లం. మా ఆయన ఆదిలాబాద్‌కు ట్రిప్పు జీపు నడిపేవాడు. జీపు మాదే. పాతది, పైన గుడ్డ కప్పు, పక్కలు ఖాళీ. చలికాలం పొద్దున ఆ అడవి దారిలో గాలి సూటిగా ఎముకల్లోకే పోయేది. ఆ ఏడు వానాకాలం నుంచి ఆయనకు నడుము పట్టేసింది. చలి మొదలయ్యాక మరీ ఎక్కువైంది. దిగేటప్పుడు కుడికాలు దించి, కాసేపు జీపు కప్పు రాడ్డు పట్టుకుని నిలబడి, తర్వాత రెండోది దించుకునేవాడు. అదంతా నేను చూడకుండా చేయాలని ఇంటికి అవతల పక్కన ఆపేవాడు. నాకు తెలియదా. నేను అవతల పక్కకే పోయి నిలబడేదాన్ని.

"ఏమైంది" అని అడిగితే "సలికి పట్టింది" అనేవాడు. దవాఖానకు పోదామంటే కోపం. "పోతె ఏమంటడు? బండి బంద్ జెయ్యమంటడు. మరి నువ్ నడుపుతవా?" అని నా నోరు మూయించేవాడు. ఆయన భయమంతా అక్కడే ఉంది. ఆయనకు బండి తప్ప వేరే పని రాదు. పొలం చేయలేడు, ఒకరి కింద కొలువు అంతకన్నా చేయలేడు. స్టాండులో జీపు పక్కన నిలబడి ఆదిలాబాద్, ఆదిలాబాద్ అని కేకేస్తేనే ఆయన మనిషిలా ఉండేవాడు. ఆ జీపు మా ఇంట్లోంచి పోతే ఆయన ఏమవుతాడో అని నాకూ భయమే. అందుకే నేనూ గట్టిగా అడగలేదు. చలి వల్లే అని ఆయన అన్నాడు, చలి వల్లే అని నేను నమ్మాను. చలికైతే మందు ఉంది కదా.

ఆ మందు లక్సెట్టిపేట నుంచి వచ్చింది. అది మా తల్లిగారి ఊరు. మా తమ్ముడు సౌదీలో పాత కార్లు విప్పే తుక్కు దుకాణంలో పని చేసేవాడు. సెలవు మీద వచ్చినప్పుడు అందరూ టేపు రికార్డర్లు, సెంటు సీసాలు తెస్తే వీడు మా కోసం ఒక తెల్లటి గుడ్డ చుట్ట తెచ్చాడు. దానికి రెండు తీగలు వేలాడుతున్నాయి.

"గిదేందిరా, సంటిపిల్ల బొంత తీర్గున్నది" అన్నాను.

"బావ నడుముకక్కా. సీటు లోపట ఏస్తరు. బ్యాటరీకి కలిపితే ఎచ్చగయితది. సలిదేశాల కార్లకు వస్తది గిది. మా దగ్గర ఎండకు ఎవడు వాడుతడు? కారు తుక్కుల వడ్డా గిది మాత్రం కొత్తగనే ఉంటది."

అవును మరి, ఎడారిలో సీటు కింద పొయ్యి ఎవడికి కావాలి.

మా ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "నన్నేమన్న గుడ్ల మీద పొదగేస్తవా ఏందే" అన్నాడు. "బ్యాటరీ మొత్తం తాగుతది గిది. పొద్దుగాల బండి లేవకపోతే నువ్వే నూకాలె మల్ల."

"నూకుత తియ్యి" అన్నాను.

ఒక ఆదివారం ఆయన మంచం మీద బోర్లా పడుకుని ఉంటే, నేను డ్రైవరు సీటు బోల్టులు విప్పి వాకిట్లోకి తెచ్చుకున్నాను. రెక్సిన్ కుట్టు విప్పడం నాకు లెక్కలోది కాదు, బట్ట బట్టే. లోపల స్పాంజి సగం పొడైపోయి ఉంది. దాని కింద కొబ్బరి పీచు, ఆ కింద స్ప్రింగులు. బీడీ ముక్కలు, పళ్లు విరిగిన దువ్వెన, ఎవరి చేతిదో పగిలిన గాజు కూడా దొరికాయి. అన్నీ దులిపి, మిషను పక్కన పడి ఉన్న కొత్త స్పాంజి ముక్క వేశాను. దాని మీద తమ్ముడు తెచ్చిన బొంత పరిచాను. లోపల తీగ ఎక్కడెక్కడ మలుపు తిరిగిందో వేలితో తడిమి, సుద్దముక్కతో గీతలు గీసుకున్నాను. ఆ గీతల మీద సూది పడకుండా నాలుగు వైపులా టాకాలు వేసి, పైన రెక్సిన్ మళ్లీ కుట్టి, సీటును జీపులో పెట్టి బిగించాను.

కరెంటు పనికి కొంచెం భయపడ్డాను. అయినా జీపు లైటు తీగ తెగినప్పుడల్లా టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డది నేనే కదా, చూసి చూసి వచ్చింది. ఎర్ర తీగను ఫ్యూజులోంచి, స్విచ్చులోంచి తీసుకుపోయి తాళం దగ్గర కలిపాను, తాళం తీస్తే ఇదీ ఆగిపోయేట్టు. నల్ల తీగను సీటు కింది బోల్టుకు బిగించాను. స్విచ్చు వేస్తే ఏమీ లేదు. మళ్లీ వేశాను, ఏమీ లేదు. స్విచ్చునూ తమ్ముడినీ కలిపి తిట్టి, చివరికి బోల్టు కింద రంగు ఉందని చూసి కత్తెరతో గీకేశాను. ఈసారి కొంచెం ఆగాక అరచేతికి అప్పుడే ఇస్త్రీ తీసిన బట్ట తగిలినట్టు తగిలింది. ఇంట్లోకి పరుగెత్తి మా ఆయన్ని లేపాను. "మంచిగున్నది, పండుకోనియ్యి" అన్నాడు, చూడకుండానే.

మరునాడు ట్రిప్పు నుంచి వచ్చాడు. నేను వాకిట్లోనే ఉన్నాను.

"ఎట్లున్నది?"

"ఏమున్నది. ఎప్పటి తీర్గనే."

నాకు తిక్క లేచింది. జీపులోకి తల పెట్టి చూస్తే సీటు మీద గొంగడి నాలుగు మడతలుగా పరిచి ఉంది. మా దిక్కు చలికాలం బండి తోలేవాళ్లంతా కింద గొంగడి వేసుకునే కూర్చుంటారు, ఎద్దుల బండి అయినా జీపు అయినా. నేనూ అలవాటుగా నా చేతులతోనే దాన్ని పరిచి పంపాను. గొంగడి చలిని ఆపినట్టే వేడినీ ఆపుతుందని నాకూ తట్టలేదు. దాన్ని లేపి చూస్తే కింద రెక్సిన్ చేయి పెట్టలేనంత కాలుతోంది. ఇంకాస్త ఉంటే పీచు అంటుకునేదే.

"గొంగడి తియ్యి" అన్నాను.

"గొంగడి లేకుంట సీట్ల కూసుంటరా ఎవరన్న? మా బాపు సుత గొంగడేస్కునే బండి తోలిండు."

"మీ బాపు బండికి కరెంటున్నదా?"

దాన్ని లాగి ఆయన భుజాల మీద కప్పాను. గొణుక్కుంటూ రెండో ట్రిప్పుకు పోయాడు.

ఆ సాయంత్రం నవ్వుకుంటూ వచ్చాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో నవ్వు చూశాను. "ఎచ్చగనే ఉన్నదే. నడుము గూడ జర అల్కగైంది. గని సగమే కుట్టినవు. కుడి దిక్కు మంచిగున్నది, ఎడ్మ దిక్కు ఏం లేదు. స్టాండ్ల అందరు నవ్విండ్రు, మీ దర్జీ సగం పైసలే తీస్కున్నదా అని."

నవ్వులాటకే అన్నాడు గానీ నాకు నిద్ర పట్టలేదు. ఎడమవైపు నా సూది తీగలో దిగి ఉంటుంది, నా పనే చెడింది అనుకున్నాను. తెల్లవారగానే ఆయన చాయ్ తాగేలోపు జీపు దగ్గరికి పోయాను. స్విచ్చు వేసి రెండు అరచేతులూ రెండు వైపులా పెట్టి చూశాను. రెండూ కాలుతున్నాయి. ఎక్కి కూర్చున్నాను. రెండు వైపులా ఒకటే వేడి. దిగి, ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాను.

"ఎడ్మ దిక్కు లేదు" అన్నాడు.

"నాకు కాలుతుందయ్యా."

"నాకు లేదు మరి."

అప్పటికే తొలి ట్రిప్పుకు పోయే మా వాడవాళ్లు ఇంటి దగ్గరికే వచ్చి వెనక ఎక్కుతున్నారు. పత్తి మూటతో ఒక మరాఠీ పెద్దాయన, కోర్టు పని మీద పోయే ఇద్దరు ముగ్గురు. నేను ఆగలేదు. నాకు చేతకాలేదని స్టాండులో నవ్వులాట కావడం నాకు ఇష్టం లేదు. ఆయన్ని దింపి, సీటు ముందువైపు కుట్టు విప్పి, బొంతను బయటికి లాగాను. కుడివైపు ఉన్నది ఎడమకు, ఎడమవైపు ఉన్నది కుడికి వచ్చేట్టు తిప్పి, మళ్లీ లోపలికి తోసి పైపైన టాకాలు వేశాను. పత్తి మూట పెద్దాయన వెనక నుంచి, "భావూ, మీ ఇంటామె బండి నడవనిస్తదా లేదా" అన్నాడు. అందరూ నవ్వారు.

"కూసో" అన్నాను మా ఆయనతో. స్విచ్చు వేశాను. కొంచెం సేపు ఆగాను.

"ఇప్పుడు ఏ దిక్కు ఎచ్చగున్నది?"

"కుడి దిక్కే."

"ఎడ్మ?"

"లేదే. నీ మిషను పని నువ్ జేస్కోరాదు, నా పానం తింటున్నవ్."

బొంత తిరిగింది. చల్లని పక్క తిరగలేదు.

ఆయనకు ఇంకా అర్థం కాలేదు. నా చేతిలో అప్పుడు టాకాలు వేసిన సూది ఉంది. "కండ్లు మూస్కో" అన్నాను. "ఎందుకే?" అన్నాడు. "మూస్కోమన్న గదా. సూదితోని గుచ్చుత, తాకితె చెప్పు." ప్రయాణికుల ముందు గొడవెందుకని మూసుకున్నాడు. కుడి తొడ మీద గుచ్చాను. "అబ్బ, సంపుతవా" అని ఎగిరాడు. ఎడమ తొడ మీద, పిర్ర దగ్గర గుచ్చాను.

ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.

"గుచ్చవేందే" అన్నాడు. "టైమైతుంది."

సూది అప్పటికే పాంటులోంచి లోపలికి దిగి నిలబడి ఉంది. ఆయన కళ్లు తెరిచి కిందికి చూశాడు. చూసి, దాన్ని తీయలేదు. నేనే తీశాను.

"ఎప్పటి సంది?" అన్నాను, వెనకవాళ్లకు వినపడకుండా.

"తిమ్మిరి తిమ్మిరి ఉంటుండె. సలికే అనుకున్న." ఎడమకాలి వైపు చూస్తూ అన్నాడు, "దసర సంది పాదం సుత తెలుస్తలేదు."

"మరి క్లచ్చి ఎట్ల తొక్కుతున్నవ్?"

నా వైపు చూడలేదు. "చూస్కుంట తొక్కుతున్న" అన్నాడు.

ఘాట్ రోడ్డు మలుపుల్లో, ఎదురుగా లారీ వస్తుంటే, జీపు నిండా మనుషులను పెట్టుకుని, ఈయన తన కాలు ఎక్కడుందో చూసుకోవడానికి కిందికి చూస్తున్నాడు. మొన్ననే నేనూ నా బిడ్డా వెనక కూర్చుని బజారుకు పోయొచ్చాం. ఆ మాట విన్నప్పుడు నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. అదే క్షణంలో ఆ కాలు పట్టుకుని ఒత్తాలని కూడా అనిపించింది. ఏదీ చేయలేదు. "దిగు" అన్నాను.

"ఇయ్యాల ఒక్క ట్రిప్పే. ఆదిలాబాద్ల డాక్టరుకు సూపెట్టుకునే వస్త. సత్తెం."

"దిగు."

రాడ్డు పట్టుకుని దిగాడు. ఆయన మళ్లీ ఎక్కుతాడేమోనని నేను ఆ సీట్లో ఎక్కి కూర్చుని, తాళం మీద చేయి వేసి పట్టుకున్నాను. వెనక్కి తిరిగి, "ఇయ్యాల బండి పోదు. బస్సుకు పోండ్రి" అన్నాను. పత్తి మూట పెద్దాయన ఏదో అడగబోయి, మా ఆయన ముఖం చూసి, మూట దించుకున్నాడు. ఒక్కొక్కరూ దిగిపోయారు. మా ఆయన బానెట్ మీద రెండు చేతులూ ఆనించి, తల వంచుకుని నిలబడ్డాడు.

స్విచ్చు ఆపడం మరిచిపోయాను. సీటు కుడివైపూ వెచ్చగా ఉంది, ఎడమవైపూ వెచ్చగా ఉంది. ఎంత బాగా కుట్టానో అనుకున్నాను. అలా అనుకోగానే ఏడుపొచ్చింది.