ఐర్లండ్ కౌలు లెక్కల్లో మా వియ్యపురాలి ఊరు

కిందటి సెప్టెంబరులో, అంటే 1986లో, మా మనవరాలు లీనాను బడిలో టీచర్ వంశవృక్షం గీసుకు రమ్మంది. లీనాకు పదకొండేళ్లు. నా వైపు వివరాలు నేను చెబుతుంటే రాసుకుంది. మా తాతగారి తాత ఏ గుడిలో బాప్తిస్మం తీసుకున్నాడో కూడా రాయించాను. తర్వాత వాళ్ల నాన్న వైపు మొదలుపెట్టి, నాలుగు పేర్లు రాసి పెన్సిల్ కింద పెట్టేసింది.

"అమ్మమ్మా, నీ సైడ్ ఫుల్ అయిపోయింది. గ్రాండ్‌మా సైడ్ అంతా బ్లాంక్. ఇది ఫెయిర్ కాదు."

"తెలియకపోతే ఖాళీగా వదిలెయ్. తోచింది రాస్తే అబద్ధమవుతుంది."

"టీచర్ మార్క్స్ కట్ చేస్తుంది."

"చెయ్యనీ."

ఆ గ్రాండ్‌మా మా అల్లుడు కెవిన్ తల్లి ఐలీన్. మా పద్ధతిలో నేనామెను వదినగారూ అంటాను. ఆమె ఆ మాట నేర్చుకుని నన్ను "వదినా" అని పిలుస్తుంది. ఆవేళ ఆమె అక్కడే ఉంది. లీనా లేచి వెళ్లాక, ఆ ఖాళీ పిల్ల పుస్తకంలో ఒక్కచోటే లేదని చెప్పింది. ఆమె తండ్రి మార్టిన్ యూటా రాష్ట్రంలో పార్క్ సిటీ అనే కొండ ఊళ్లో ఉంటాడు, వెండి గనుల్లో పనిచేసిన మనిషి. తన తల్లి బ్రిజిట్ పోయినప్పుడు సమాధి రాతి మీద "మేయో జిల్లా, ఐర్లండ్" అని చెక్కించి, దానికింద ఊరి పేరు కోసం ఒక వరుస వదిలించాడట. ఆ ఊరేదో తల్లి ఎన్నడూ చెప్పలేదు. అడిగితే, ఇల్లు లేని చోటికి పేరెందుకు అనేదట. మార్టిన్‌కు ఇప్పుడు తొంభై ఒకటి. ఆ వరుస నిండాకే తను ఆమె పక్కన సమాధిలో పడుకుంటానంటున్నాడు. "ఈ చలికాలం దాటుతాడో లేదో వదినా" అంది ఐలీన్. మా ప్రయాణం అలా మొదలైంది.

మేముండేది కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో. "డబ్లిన్‌లో ఉంటూ ఐర్లండ్‌ను వెతకడానికి యూటా వెళ్తున్న ఐరిష్ దాన్ని నేనొక్కదాన్నే" అని ఐలీన్ దారంతా నవ్వుతూనే ఉంది. అమెరికాలో వంశచరిత్రలు వెతికేవాళ్లకు సాల్ట్ లేక్ సిటీలో పెద్ద గ్రంథాలయం ఉంది. దేశదేశాల పాత రికార్డులను ఫొటో తీసిన ఫిల్ములు అక్కడ దొరుకుతాయి, ప్రవేశం ఉచితం. ఓక్లాండ్‌లో మధ్యాహ్నం రైలెక్కాం. రానూపోనూ మనిషికి నూట పద్దెనిమిది డాలర్లు పడింది. నిమ్మకాయ పులిహోర, వేయించిన కోడి ముక్కలు కట్టుకెళ్లాను కనుక దారిలో కాఫీకి తప్ప ఖర్చు లేదు. మర్నాడు ఉప్పు మైదానం మీద తెల్లవారింది. కిటికీలో నేల తెల్లగా ఉంది, ఆకాశమూ తెల్లగా ఉంది, ఆ రెంటి మధ్యా గీత లేదు. రైలు కదులుతోందో ఆగిందో తెలియలేదు. ఐలీన్ తల నా భుజం మీద వాలి ఉంది. లేపలేదు.

ఏడు దాటాక దిగి, స్టేషనులోనే ముఖాలు కడుక్కుని, నడుచుకుంటూ గ్రంథాలయానికి వెళ్లాం. ఐలీన్ మూడేళ్లుగా తన పుట్టింటి ఇంటిపేరు పట్టుకుని ఉత్తరాల ద్వారా వెతుకుతోంది. ఆ ఇంటిపేరు మేయో జిల్లాలో వీధికి పదిమందికి ఉంది. ఐర్లండ్ విభాగంలో ఉన్న సహాయకురాలికి సంగతంతా చెప్పాం. ఆమె ఓపిగ్గా విని, "మీ వాళ్లకు సొంత భూమి ఉండేదా?" అని అడిగింది. లేదు, కౌలుకు చేసేవాళ్లు అంది ఐలీన్. "అయితే భూస్వాముల కౌలు లెక్కలు చూడాలి. ఎవరు ఏ ఊళ్లో ఎంత నేల చేశారో, ఏటేటా ఎంత కట్టారో ఎస్టేట్ గుమాస్తాలు రాసుకునేవాళ్లు. కాని అవి రైతు పేరుతో దొరకవు. భూస్వామి పేరు చెబితేనే ఫిల్ము తీయగలను."

నాకిది కొత్త కాదు. మా వైపు జమీందారీలున్న రోజుల్లోనూ కాగితాల కట్ట మీద జమీందారు పేరే ఉండేది, రైతు పేరు లోపలెక్కడో ఉండేది. మేయో జిల్లాకు సంబంధించి ఎస్టేట్ లెక్కలు దొరికే భూస్వాముల జాబితా ఆమె చూపించింది. నలభై మూడు పేర్లు. ఒక్కొక్కరివీ అన్ని ఫిల్ములూ చూడాలంటే మాకు నెలలు పడుతుంది.

ఐలీన్ హాల్లోని ఫోను దగ్గరికి వెళ్లి తండ్రికి ఫోన్ చేసింది. రెండు నిమిషాలకే తిరిగొచ్చింది, ముఖం ఎర్రబడి ఉంది.

"పెట్టేశాడు వదినా. ఆ పేరు అడగొద్దన్నాడు, ఫోను పెట్టేశాడు. ఆయనకు తెలుసు. చిన్నప్పుడు వంటింట్లో ఎవరో చుట్టాలు ఆ భూస్వామి పేరు అన్నారట, నానమ్మ వాళ్లను అన్నం ముందునుంచి లేపి పంపేసిందట. ఆ పేరు నోటితో అననని, చేత్తో రాయనని ఈయన చేత సిలువ మీద ఒట్టు వేయించుకుందట. ఇప్పుడెలా?"

"ఫోనులో కాదు, వెళ్దాం పదండి" అన్నాను. ఆ నలభై మూడు పేర్లూ కాగితం మీద వరుసగా రాసుకుని బయల్దేరాం.

పార్క్ సిటీ ముప్పై మైళ్లు. ఊళ్లో హోటళ్ల దగ్గర వ్యానులు దొరుకుతాయి, మనిషికి పది డాలర్లు. మంచు ఇంకా పడలేదు కాబట్టి స్కీయింగ్ ఆడటానికి వచ్చే జనం లేరు, మేమిద్దరమే ఉన్నాం. డ్రైవరు నా చీరను, కాళ్లకున్న మేజోళ్లను, ఐలీన్ టోపీని అద్దంలో చూసి, "స్కీయింగ్‌కైతే ఆరు వారాలు ముందొచ్చారు, పెళ్లికైతే ముప్పై ఏళ్లు ఆలస్యం" అన్నాడు.

"మాట్లాడేది ముందుకు చూసి మాట్లాడు. మలుపుంది" అన్నాను.

"ఎస్, మేడమ్" అన్నాడు. ఆ తర్వాత నోరెత్తితే ఒట్టు. అదే మేలయింది. లోయలో దారి పైకి పోతుంటే రెండువైపులా ఆస్పెన్ చెట్లు పచ్చని బంగారంలా ఉన్నాయి. గాలి లేదు, అయినా ప్రతి ఆకూ వణుకుతోంది. ఇంత వెలుగు చుట్టూ ఉన్నప్పుడు మాట్లాడితే ఏదో చెదిరిపోతుందనిపించింది.

మార్టిన్ ఇల్లు వీధి చివర, మెట్లెక్కి పోవాలి. పెద్దాయన వరండాలోనే కూర్చుని ఉన్నాడు. నన్ను పైనుంచి కిందకు చూశాడు. "కెవిన్ అత్తగారు మీరేనా? పెళ్లి ఫొటోలో ఇంకాస్త పొడుగున్నారు."

"మీ గురించి చెప్పినదానికంటే మీరు మొండిగా ఉన్నారు. ఆడపిల్ల మాట్లాడుతుంటే ఫోను పెట్టేస్తారా?"

ఆయన నవ్వాడు. ఐలీన్ టీ కాచుకొచ్చింది. కప్పు ఆయన మోకాలి పక్కన చిన్న బల్ల మీద పెట్టాను. అప్పుడు నా సంగతి చెప్పాను. మా ప్రాంతంలో భార్య భర్త పేరు పలకదు. నా పెళ్లి బాపట్ల దగ్గర మా గుడిలో జరిగింది. ప్రమాణం చేసేటప్పుడు తప్పదు కాబట్టి, పాస్టరుగారి వెంట ఆయన పేరు ఒక్కసారి పలికాను. మళ్లీ పలకలేదు.

"ఎన్నేళ్లయింది?"

"ముప్పై ఎనిమిది. ఆయన పోయి ఆరేళ్లు."

"పోట్లాడుకున్నప్పుడు కూడానా?"

"పోట్లాటకు పేరెందుకు? ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఆయన చాలాసేపు నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు. "గవర్నమెంటువాళ్లొచ్చి మీ ఆయన పేరేంటంటే?"

"పక్కింటావిడ చెప్పేది. నేను పక్కన నిలబడేదాన్ని."

"అయితే ఒక బేరం. మీరు పలకని పేరు మీరు చెప్పండి, నేను పలకనిది నేను చెబుతాను."

ఐలీన్ ఆశగా నా వైపు చూసింది. వీధిలో ఎవరూ లేరు. చెబితే వినేది ఆ చెట్లే. నోటి దాకా వచ్చిందని ఒప్పుకుంటాను. కాని బేరం పెట్టి చెప్పే పేరు కాదది.

"వద్దు. మీ అమ్మకిచ్చిన మాట మీరు తప్పొద్దు, నా పద్ధతి నేను తప్పను. ఇవాళ పక్కింటావిడ పని నేను చేస్తాను. నేను చదువుతాను, మీ టీ మీరు తాగండి. తలూపనక్కర్లేదు, నన్ను చూడనూ అక్కర్లేదు."

మొదటి పేరు నుంచి చదవడం మొదలుపెట్టాను. "కాస్త మెల్లగా, హాజరు వేస్తున్నట్టుంది" అన్నాడు. నిజమే, ఇరవై రెండేళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన గొంతు. నెమ్మదించాను. ఆయన కొండవైపు చూస్తూ గుక్కగుక్కగా తాగుతున్నాడు. పేర్లు ఒక్కొక్కటే ఆ ఎండలోకి పోతున్నాయి. సగం దాటాక ఒక పేరు దగ్గర ఆయన అరచెయ్యి కప్పు మీద మూతలా పడింది. ఈగ వాలకుండా అడ్డం పెట్టినట్టు పెట్టి, అలాగే ఉంచాడు. ముఖం మారలేదు, కళ్లు కొండ మీదే ఉన్నాయి.

అక్కడ ఆగితే ఆయన చెప్పినట్టే అవుతుంది. అందుకని అదే గొంతుతో చివరి పేరు వరకూ చదివాను. నాలుగైదు పేర్ల తర్వాత చెయ్యి తీసి మళ్లీ తాగాడు.

"ఏమీ చెప్పలేదు కదా డాడ్" అంది ఐలీన్ నీరసంగా.

"చెప్పనన్నాను కదమ్మా" అన్నాడాయన. మేము మెట్లు దిగుతుంటే వెనకనుంచి కేక వేశాడు. "మమ్మల్ని నేతవాళ్లనేవారు! మా ఇంట ఎవరూ బట్ట నేసి ఎరగరు. ఎందుకో మరి!"

వ్యానులో కాగితం తీసి ఆ పేరు పక్కన పెన్సిలుతో చుక్క పెట్టాను. ఐలీన్ చుక్కనూ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆ పేరు ఇక్కడ కూడా రాయను.

గ్రంథాలయం సాయంత్రం కూడా తెరిచే ఉంటుంది. ఆ భూస్వామి ఎస్టేట్‌వి మూడు ఫిల్ములు దొరికాయి. యంత్రం చక్రం తిప్పుతుంటే పేజీలు రైలు కిటికీలో పొలాల్లా జరిగిపోయాయి. ఊరు, రైతు, నేల, కౌలు, బాకీ, చివర వివరం. గోధుమరంగు సిరాలో గుమాస్తా చేవ్రాత నిలకడగా ఉంది. ఎవరో మనిషి వానపడే ఊళ్లో దీపం ముందు కూర్చుని రాసిన అక్షరాలు యూటాలో నా చీర మీద వెలుగై పడుతున్నాయి. ఐలీన్ చదువుతోంది, నేను చక్రం తిప్పుతున్నాను. రెండో ఫిల్ములో కారోబాన్ అనే ఊరి కింద ఒకే ఇంటిపేరుతో ముగ్గురు మైకేళ్లు కనబడ్డారు. మా ఊళ్లో నల్ల యోహాను, ఎర్ర యోహాను ఉన్నట్టు, గుమాస్తా వాళ్లను విడదీసి రాశాడు. ఎర్ర మైకేల్, వితంతువు కొడుకు మైకేల్, నేత మైకేల్.

ఐలీన్ వేలు తెర మీద ఆగిపోయింది. మార్టిన్ తాత పేరు మైకేల్.

వెంటనే నమ్మొద్దన్నాను. ఒక్క వరుస చాలదు, ఏటేటా వెంట పోవాలి. పోయాం. నేత మైకేల్ తర్వాత అదే నేల అతని కొడుకు మార్టిన్ పేరుకు మారింది. పెద్దాయన తండ్రి పేరు కూడా మార్టినే. మూడేళ్లు కట్టాడు. నాలుగో ఏడు కౌలు గడి ఖాళీ. వివరం గడిలో "ఇల్లు పడగొట్టబడినది, అమెరికా వెళ్లిరి" అని ఉంది. కౌలు బాకీపడ్డవాళ్లను వెళ్లగొట్టి, మళ్లీ రాకుండా భూస్వాములు ఇళ్లు కూల్పించేవాళ్లట. నకలు తీయించాం, పేజీకి ఇరవై సెంట్లు.

"ఇల్లు సంగతి చెప్పాలా వదినా?"

"అడిగితే చెప్పండి. అడక్కపోతే ఊరి పేరు చాలు."

హాల్లో ఫోనుకు నాణాలు నేనే వేశాను. ఐలీన్ ఊరి పేరు చెప్పింది. రిసీవరు ఇద్దరి చెవుల మధ్యా పెట్టుకుని నిలబడ్డాం.

"ఇల్లుందా?" అన్నాడాయన.

ఐలీన్ నా వైపు చూసింది. తలూపాను. "లేదు డాడ్. పడగొట్టారు."

"అందుకా అమ్మా" అన్నాడు. ఆ మాట ఐలీన్‌తో అన్నది కాదు. "ఊరి పేరు మళ్లీ చెప్పు" అన్నాడు. చెప్పింది. ఆయనా పలికాడు. తర్వాత నన్ను పలకమన్నాడు. పలికాను. "అంత గట్టిగా కాదు టీచరమ్మా, అది ఊరు, వీధిబడి కాదు" అన్నాడు.

మరునాడు ఉదయం మేము నకలు తీసుకుని వెళ్లేసరికి పెద్దాయన ఇంట్లో లేడు. వీధి మొదట్లో కాఫీ దుకాణంలో దొరికాడు. గోడకి వాల్చిన చేతికర్ర, చుట్టూ నలుగురు. లోపలికి వచ్చిన ప్రతివాడినీ పట్టుకుని, "మా వాళ్లది కారోబాన్" అని చెబుతున్నాడు. రాతి పనివాడికి అప్పటికే కబురు పెట్టాడట.

తిరుగు రైల్లో ఇదే ఆలోచించాను. ప్రేమకొద్దీ పలకని పేర్లుంటాయని నాకు తెలుసు. కడుపుమంటకొద్దీ పలకనివీ ఉంటాయని తొంభై ఒక్కేళ్ల మనిషి దగ్గర చూశాను. బ్రిజిట్ ఒకటి కోపంతో మూసింది, ఇంకొకటి బాధతో మూసింది. రెండూ ఒకే తాళంతో మూయడం వల్ల కొడుక్కి ఊరు లేకుండా పోయింది. ఆయన చేత ఆ భూస్వామి పేరు పలికించకుండానే ఊరి పేరు ఇప్పించగలిగాం, నాకది చాలు. ఉప్పు మైదానం మళ్లీ వచ్చింది. ఐలీన్ ఈసారి నిద్రపోలేదు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. ఏం పలుకుతోందో అడగలేదు.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లకు ఒక్క మాట. ఐర్లండ్ కౌలు లెక్కలు మీ ఇంటిపేరుతో దొరకవు కాబట్టి, టికెట్టు కొనకముందే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర భూస్వామి పేరు కనుక్కోండి. చెప్పనంటే బలవంతపెట్టకండి. ఆ జిల్లా జాబితా తెప్పించి, పక్కన కూర్చుని, టీ ఇచ్చి, నెమ్మదిగా మొత్తం చదవండి. చదువుతున్నంతసేపూ వాళ్ల ముఖం వైపు చూడకండి, చేతులు చూడండి.