తల్లి పేరున రాసిన చీటీ

ఉదయం పదీ నలభైకి అమలాపురం ఆసుపత్రిలో కడుపునొప్పితో వచ్చిన మా మేనకోడలు హారిక టోకెను పిలిచారు. దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. డాక్టరు గదిలోకి వెళ్ళేటప్పుడు నాలో ఉన్నది భయం కాదు, కోపం.

రెండేళ్ల ముందు హారిక తల్లి, మా అక్క సత్యవతి, ఇలాంటి కడుపునొప్పితోనే పోయింది. అది వేరే ఆసుపత్రి. స్కానింగుల్లో ఏమీ కనపడలేదు. బయటి ప్రాంతం నుంచి వచ్చిన డాక్టరు రోజూ "తగ్గిందామ్మా?" అనేవాడు. అక్క "ఆయ్" అనేది. మా మామిడికుదురు వైపు పెద్దవాళ్ళు ఏమడిగినా ముందు ఆయ్ అంటాం. విన్నానండి అని దానర్థం. అతను తగ్గిందని రాసుకున్నాడు.

ఎడమచెయ్యి పడిపోయిన రోజు, "మీ అక్కగారి రోగం కడుపులో లేదండీ, మనసులో ఉంది" అని నవ్వాడు. బంధువులు గాలి సోకిందన్నారు. ఇన్ని పుస్తకాలు చదివిన నేను పక్కనే నిలబడి కూడా ఆ ఆయ్‌కి అర్థం చెప్పలేదు. ఐదోరోజు ఊపిరి అందక పోయింది.

ఈ డాక్టరమ్మదీ మా ప్రాంతం కాదు. "నిన్నటి మందులకి నొప్పి తగ్గిందా?" అని అడిగింది. హారిక కళ్ళు మూసుకునే "ఆయ్" అంది. నేను నోరు తెరిచేలోపు, సంతకం పెట్టాలని నర్సు కౌంటరు దగ్గరికి పిలిచింది. పది నిమిషాల్లో తిరిగొచ్చాను. డాక్టరమ్మ ఇంకా రాస్తూనే ఉంది.

"మీ అక్కగారు ఏరండీ? ఇంకొన్ని అడగాలి."

"ఏ అక్కండీ?"

"ఈ అమ్మాయి వాళ్ళమ్మ. ఇందాకా మంచం పక్కనే ఉన్నారు కదా. అబ్బా, ఏం కోపమండీ! 'ఆయ్ అంటే తగ్గినట్టు కాదండీ బాబూ, అది మర్యాదకండీ. తగ్గలేదని రాయండి' అని గదమాయించారు. మూత్రం ఎండలో ఉంచితే నల్లబడుతోందని కూడా ఆవిడే చెప్పారు."

హారికని అడిగాను. "ఎవరూ రాలేదు మావయ్యా. డాక్టరుగారే తనలో తను మాట్లాడుకుంటున్నారనుకున్నాను" అంది. నర్సు కూడా ఎవరినీ చూడలేదు.

డాక్టరమ్మ పరీక్షలకి రెండు చీటీలు ఇచ్చింది. ఒకటి హారికకి. రెండోదాని మీద 'తల్లి' అని ఉంది. "ఇది కుటుంబాల్లో వచ్చే జబ్బు కావచ్చు. ఆవిడకీ పరీక్ష చేయించండి. ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి మంచం మీద పెట్టుకున్నారు. ఆలస్యం చెయ్యకండి."

అక్క పోయి రెండేళ్ళయిందని చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.

ఆ మూత్రం పరీక్షలోనే పోర్ఫీరియా అని తేలింది. చాలా అరుదైన జబ్బు. గ్లూకోజు ఎక్కించారు, పడని మందుల జాబితా ఇచ్చారు, ఉపవాసాలు వద్దన్నారు. హారిక బతికింది.

వేరే రోగి తాలూకు మనిషెవరో పొరపాటున వచ్చి ఉంటుందని నాకు నేను చెప్పుకుని చూశాను. ఆ చెయ్యి సంగతి దగ్గరే ఆగిపోతాను. ఆ చీటీ నా దగ్గరే ఉంది. అక్క ఉన్నప్పుడు దాన్ని రాయడానికి ఒక్క నిమిషం పట్టేది. బతికినన్నాళ్ళూ ఎవరిమీదా గొంతెత్తని మనిషి మా అక్క.

మా ఇంట్లో ఇప్పుడు డాక్టరు ముందు ఎవరూ ఆయ్ అనరు.