ముద్దనూరులో తొమ్మిది నిముషాలు

రాష్ట్రం విడిపోయిన మూడో ఏడు, ఎండలు ముదిరే వేళకు, కడప జిల్లాలోని ఒక బస్సు డిపోకు నన్ను అసిస్టెంట్ మేనేజరు (ట్రాఫిక్)గా వేశారు. ఏ ఊరి డిపో అన్నది చెప్పను. ఈ సంగతిలోని మనుషులు కొందరు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు. డిపోకు పైన డిపో మేనేజరు ఉంటాడు. ఆయన కింద బండ్ల మరమ్మతులు చూసే అధికారి ఒకరు, ఏ బస్సు ఏ ఊరికి ఎన్ని గంటలకు పోవాలో, దాంట్లో ఏ డ్రైవరు ఏ కండక్టరు ఎక్కాలో చూసే అధికారి మరొకరు. ఆ రెండోవాణ్ణి నేను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య తిరిగే పల్లె బస్సుల టైంటేబుల్ తయారుచేసేది నేనే.

అప్పటికి నాకు యాభై మూడేళ్ళు. గణాంక శాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, ట్రాఫిక్ సూపర్‌వైజరుగా చేరి, మెల్లగా ఆ కుర్చీ దాకా వచ్చాను. ఊళ్ళను చుక్కలుగా, వాటి మధ్య బస్సుదారులను గీతలుగా గీసుకుని, ఆ బొమ్మ మీద లెక్కలు కట్టే విద్య ఒకటుంది. రవాణా నెట్‌వర్కుల పరిశోధన అంటారు. నేను ముప్పై ఏళ్ళుగా పెన్సిలుతో చేస్తున్న పనికి ఇంత పెద్ద శాస్త్రం ఉందని తెలిసి, దాంట్లో పీహెచ్‌డీ చెయ్యాలన్న పురుగు దొలిచింది. ఉద్యోగం చేస్తూనే చదివే పార్ట్ టైం పద్ధతిలో విశ్వవిద్యాలయం వారు దరఖాస్తులు అడిగారు. నేను వెంటనే ఫారం తెప్పించుకున్నాను.

మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “పిల్లోళ్ళ పరీక్షలు అయిపోయినాయని ఊపిరి పీల్చుకుంటి. ఇంగ మీ పరీక్షలా?” అంది.

ఉద్యోగంలో ఉన్నవాడు ఇలాంటి దరఖాస్తు నేరుగా పంపకూడదు. పై అధికారుల ద్వారా పోవాలి. సంస్థకు అభ్యంతరం లేదని డివిజన్ ఆఫీసు ఒక కాగితం ఇవ్వాలి, దాన్నే నిరభ్యంతర పత్రం అంటారు. దానితో పాటు ఏ అంశం మీద పరిశోధన చేస్తామో పది పేజీల్లో రాసివ్వాలి, దాన్ని సినాప్సిస్ అంటారు. ఆ పది పేజీలకు నేను రెండు నెలలు కూర్చున్నాను.

సమాచారానికి కొదవ లేదు. కండక్టరు చేతిలోని టికెట్ మిషను ప్రతి టికెట్టుకూ టైము నమోదు చేస్తుంది. ఒక స్టేజీ దాటగానే కండక్టరు మీట నొక్కి తరువాతి స్టేజీకి మారుస్తాడు, ఆ టైమూ అందులో పడుతుంది. ఆ లెక్కలన్నీ డిపో కంప్యూటరుకు చేరతాయి. వాటిని తోడి పోసుకుని చూస్తే ఒకచోట నా కన్ను ఆగింది. జమ్మలమడుగులో మధ్యాహ్నం రెండున్నరకు బయల్దేరి ముద్దనూరు, తొండూరు మీదుగా పులివెందుల పోయే పల్లె బస్సు, ముద్దనూరులో అయిదు నిముషాలు ఆగి మూడుంపావుకు కదలాలి. చాలా రోజులు తొమ్మిది పది నిముషాలు ఆలస్యంగా కదులుతోంది. కొన్ని రోజులు మాత్రం గడియారం పెట్టినట్టు సమయానికే పోతోంది. దారిలో ఇబ్బంది ఉంటే రోజూ ఉండాలి కదా, రోజూ లేదంటే అది సిబ్బంది ఇష్టారాజ్యమేనని తేల్చేశాను. ముద్దనూరు బస్టాండు ఎదురుగా టీ అంగడి ఉందన్న సంగతీ నాకు తెలుసు. ఆ తేదీలన్నీ నాలుగో పట్టికగా వేసి, కింద ‘సిబ్బంది అలవాటు వల్ల కలిగే, నివారించదగిన ఆలస్యం’ అని రాశాను. సినాప్సిస్ మొత్తానికి ఆ పట్టికే వెన్నెముక అని మురిసిపోయాను కూడా.

దరఖాస్తు, సినాప్సిస్ కలిపి పైకి పంపిన మూడు వారాలకు డివిజన్ ఆఫీసు నుంచి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది నా నిరభ్యంతర పత్రం. రెండోది ఆ బస్సు కండక్టరు వెంకటసుబ్బయ్యకు మెమో. అలవాటుగా బస్సును ఆలస్యంగా నడుపుతున్నందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో వారం లోపల చెప్పాలని అడిగారు. ఆధారం దగ్గర నా సినాప్సిస్, నాలుగో పట్టిక అని ఉంది. నేను ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యలేదు. కానీ నా సంతకంతో ఉన్న కాగితాన్ని ఒక శ్రద్ధగల గుమాస్తా పూర్తిగా చదివాడు.

వెంకటసుబ్బయ్య ఇరవై ఎనిమిదేళ్ళు నిలబడి టికెట్లు కొట్టినవాడు. మోకాళ్ళు రెండూ పోయాయి. బస్టాండులో కూర్చుని బస్సుల రాకపోకలు రాసుకునే కంట్రోలరు పోస్టుకు ఆ నెలాఖరున జాబితా ఖరారవుతోంది, అందులో ఈయన పేరుంది. మెమోకు ఇచ్చిన జవాబు పైవాళ్ళకు నచ్చకపోతే చార్జిషీటు వస్తుంది. చార్జిషీటు ఉన్నవాడి పేరు జాబితాలోంచి తీసేస్తారు. మళ్ళీ జాబితా ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలియదు. అప్పటిదాకా ఆ మోకాళ్ళతోనే బస్సులో తిరగాలి.

ఆయన నా గదికి వచ్చి మెమో బల్లమీద పెట్టాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు.

“సార్, మీరు రాసింది అబద్ధమని నేను చెప్పను. బండి నిలబడేది నిజమే,” అన్నాడు.

ఎందుకు నిలబెడుతున్నావని అడిగాను.

“నేను చెప్తే సాకు మాదిరి ఉంటాది. ఒగసారి ఎక్కి సూడండి సార్. ఈ టైంటేబుల్ ఏసింది మీరే కదా, ఒగనాడన్నా ఎక్కినారా ఆ బండి?”

నాకు కోపం ముంచుకొచ్చింది. కింది ఉద్యోగి అలా అడిగినందుకు కాదు, అడిగింది నిజమైనందుకు. నేను డిపో జీపులో తిరిగేవాణ్ణి.

మరునాడే ఎక్కాను. ఆ రోజు ముద్దనూరులో బస్సు సరిగ్గా మూడుంపావుకు కదిలింది. అధికారి ఎక్కితే అందరూ బుద్ధిమంతులే అని నాలో నేను ఎకసక్కెం చేసుకున్నాను.

రెండో రోజు ముద్దనూరులో ఆగిన కాసేపటికి వెంకటసుబ్బయ్య జేబులో ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. ఆయన ఎత్తలేదు, చూడను కూడా చూడలేదు. డ్రైవరు ఇంజను ఆపేశాడు. మూడుంపావు దాటింది. నేను వాచీ చూసుకున్నాను. వెంకటసుబ్బయ్య నా దగ్గరికొచ్చి, “రాసుకుంటారా సార్? రాసుకోండి. బండి మాత్రం ఇప్పుడు కదల్దు,” అన్నాడు.

తొమ్మిది నిముషాలకు ప్రొద్దుటూరు నుంచి వచ్చే బస్సు మలుపు తిరిగింది. అది ఆగీ ఆగకముందే ఏడెనిమిది మంది దిగి మా బస్సుకేసి వచ్చారు. ఒక పెద్దావిడ, కంటికి కట్టు కట్టిన మొగుణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది.

“ఓ అప్పా, నిలబెట్టినావా! గేటు పడింటే ఇంగ నువ్వు పోయింటావనుకుంటి,” అంది వెంకటసుబ్బయ్యతో.

“నిదానంగా ఎక్కించుమా. బండి యాడికీ పోదు,” అన్నాడాయన.

ఆవిడ నా పక్క సీటులోనే కూర్చుంది. యాడికమ్మా అని అడిగాను. తొండూరు దాటినాక పల్లె అని చెప్పింది. ప్రొద్దుటూరులో కంటి ఆసుపత్రికి పొద్దున పోయి ఇప్పుడు వస్తున్నారట. “ఈ బస్సు తప్పితే మాకు ఇంగ పొద్దుగూకినాకనే సామీ. ఈ మనిషిని పెట్టుకుని ఈడ ఆ ఎండలో యాడ కూసుండేది?” అంది.

సంగతి ఇది. ప్రొద్దుటూరు బస్సు మూడూ పదికే ముద్దనూరు చేరాలని టైంటేబుల్‌లో నేనే రాశాను. అది దిగి మా బస్సు ఎక్కేవాళ్ళకు అయిదు నిముషాల వ్యవధి సరిపోతుందని కూడా లెక్క కట్టాను. కానీ ఆ దారిలో రైల్వే గేటుంది. థర్మల్ కరెంటు కేంద్రానికి బొగ్గు మోసే గూడ్సు బండ్లు వచ్చినప్పుడు గేటు పడుతుంది. అప్పుడు ఆ బస్సు కండక్టరు, బండిలో తొండూరు వైపు పోయేవాళ్ళుంటే వెంకటసుబ్బయ్యకు ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. లేకపోతే ఇవ్వడు. మోగితే ఆగాలి, మోగకపోతే పోవాలి. ఇది వాళ్ళిద్దరూ పెట్టుకున్న ఏర్పాటు కూడా కాదు. ఆ రూట్లో వీళ్ళకంటే ముందు పనిచేసినవాళ్ళ నుంచి వస్తున్న పద్ధతి. అప్పట్లో ఎదురొచ్చే లారీ డ్రైవర్ల చేత కబురంపేవారట. పై అధికారి ఉత్తర్వు లేకుండా బస్సును ఆపడం నేరం కాబట్టి ఈ సంగతి ఎవరూ ఏ కాగితం మీదా రాయలేదు.

మూడో రోజు కూడా ఎక్కాను, కాల్ వచ్చింది, ఆగాం. నాకు ఇంక ఎక్కాల్సిన పని లేకపోయింది.

ఆ ఆదివారమంతా డిపోలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. నాలుగో పట్టికలోని ప్రతి తేదీకీ, సమయానికి కదిలిన రోజులకూ రెండు బస్సుల టికెట్లు పక్కపక్కన పెట్టాను. ఆలస్యమైన రోజుల్లో ప్రొద్దుటూరు బస్సు కూడా ఆలస్యంగానే వచ్చింది, దాంట్లో ముద్దనూరుకు టికెట్టు తీసుకున్నవాళ్ళున్నారు. ఆ వెంటనే మా బస్సులో ముద్దనూరు నుంచి తొండూరుకూ ఆ పై పల్లెలకూ టికెట్లు తెగాయి. సమయానికి కదిలిన రోజుల్లో ప్రొద్దుటూరు బస్సు వేళకే వచ్చింది, లేదా ఆలస్యంగా వచ్చినా దాంట్లోంచి తొండూరు వైపు పోయేవాళ్ళు లేరు. సమాచారం మొదటినుంచీ నా దగ్గరే ఉంది. నేను ఒక బస్సునే చూశాను, రెండో బస్సును చూడలేదు. నెట్‌వర్కు మీద పరిశోధనకు దరఖాస్తు పెట్టినవాడు చెయ్యాల్సిన తప్పు కాదది. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను.

ఇక మిగిలింది నా దరఖాస్తు. మెమో పోవాలంటే నాలుగో పట్టిక తప్పని నేను లిఖితపూర్వకంగా చెప్పాలి. కానీ నిరభ్యంతర పత్రం ఆ సినాప్సిస్‌ను చూసి ఇచ్చినదే. విశ్వవిద్యాలయంలో నా సంతకంతో ఉన్నదీ అదే. మా డిపో మేనేజరు నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, మంచివాడు. “మీ సినాప్సిస్ తప్పని మీరే రాసిస్తే వాళ్ళు మిమ్మల్ని ఇంటర్వ్యూకైనా పిలుస్తారా సార్? ఇంటర్వ్యూ కానీండి, తర్వాత రాద్దాం,” అన్నాడు. ఇంటర్వ్యూ వచ్చే నెల మొదటి వారంలో, జాబితా ఈ నెలాఖరుకు. తర్వాత రాయడం అంటే రాయకపోవడమే.

అబద్ధమెందుకు, రెండు రోజులు ఆగాను. ఆ వయసులో ఇంకోసారి దరఖాస్తు పెట్టే ఓపిక ఉంటుందో లేదోనని భయం వేసింది. మూడో రోజు రెండు పేజీల లేఖ రాశాను. నాలుగో పట్టిక నుంచి తీసిన నిర్ధారణ పొరపాటని, ఆ పొరపాటు పూర్తిగా నాదని, కండక్టరు ఆపింది ఒక బస్సు దిగి మరో బస్సు ఎక్కే కనెక్షన్ ప్రయాణికుల కోసమేనని, ఆధారాలు జతచేశానని రాశాను. ఒక ప్రతి డివిజన్ ఆఫీసుకు, ఒకటి విశ్వవిద్యాలయానికి పంపాను. పోస్టులో వేసినాక రెండు పూటలు అన్నం సయించలేదు.

ఇంటర్వ్యూకు మాత్రం పిలుపు వచ్చింది. గది బయట బెంచీ మీద కూర్చుని ఉండగా డిపో నుంచి గుమాస్తా ఫోను చేశాడు. “మెమో మూసేసినారు సార్. లిస్టులో సుబ్బయ్య పేరుండాది,” అన్నాడు. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. లోపల ఏమైనా కానీ అనుకున్నాను. అంతకుముందు రాత్రంతా వల్లెవేసుకున్న జవాబులు సగం అక్కడే మరిచిపోయాను.

లోపల ముగ్గురున్నారు. బయటి విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరు ఒక పెద్దావిడ. ఆమె నా లేఖ చేతిలో పట్టుకుని ఒకే ప్రశ్న అడిగారు. సినాప్సిస్ రాసే ముందు ఆ బస్సు ఎన్నిసార్లు ఎక్కారు? ఒక్కసారీ ఎక్కలేదని, రాసిన తర్వాత మూడు రోజులు ఎక్కానని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. సమర్పించిన సినాప్సిస్‌నే పరిశీలించడం నిబంధన అని అధ్యక్షులు చెప్పి పంపించేశారు. పోయిందనుకునే ఇంటికొచ్చాను.

పదిరోజులకు ఉత్తరం వచ్చింది. మూడు నెలల్లో సవరించిన సినాప్సిస్ ఇవ్వాలన్న షరతు మీద ప్రవేశం ఇస్తున్నారు. కనెక్షన్ ప్రయాణమే అంశంగా తీసుకోమని సూచన కూడా ఉంది. మా ఆవిడ ఉత్తరం రెండుసార్లు చదివి, “సరే, సదువుకోండి,” అంది. ఆ పూట కడుపునిండా తిన్నాను.

ఆ తర్వాత డివిజన్ ఆఫీసు ఉత్సాహపడి, ముద్దనూరులో ఆ బస్సు రోజూ పదిహేను నిముషాలు ఆగేట్టు టైంటేబుల్ మార్చమంది. నేను మార్చబోతుంటే, అప్పటికే పులివెందుల బస్టాండులో కంట్రోలరుగా కూర్చున్న వెంకటసుబ్బయ్య ఫోను చేశాడు. “ఎవురూ రాని పొద్దు ఊరికే ఆడ నిలబెడితే బండ్లో ఉండేటోళ్ళు ఊరుకుంటారా సార్? కాల్ వస్తేనే నిలబెట్టేది కదా మేము,” అన్నాడు. ఆయన చెప్పింది నిజం. పాత టైమే ఉంచి, కనెక్షన్ ఉంటే మరో పది నిముషాల వరకు ఆగవచ్చునని ఒక ఉత్తర్వు రాయించాను. మిస్డ్ కాల్ సంగతి అందులో రాయలేదు.

పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చిన ఏడాదే రిటైరయ్యాను. ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది చిన్న విషయమే. బస్సు ఎంతసేపు ఆగిందో మిషను చెబుతుంది. ఎవరికోసం ఆగిందో ఎక్కినవాడికే తెలుస్తుంది. అది తెలియకుండా ఒక మనిషి మీద తప్పు రాయకూడదు. అంతకుముందు ముప్పై ఏళ్ళలో ఆలస్యానికని నేను సంతకం పెట్టిన మెమోలు చాలా ఉన్నాయి. వాటిలో ఎన్ని సరైనవో నాకు తెలియదు. ఆ బస్సుల్లో ఒక్కటీ నేను ఎక్కలేదు.